రెండో శనివారం నీతి చర్చలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలోని మా డిగ్రీ కాలేజీ సెమినార్ హాల్లో ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం నీతి మీద చర్చ జరుగుతుంది. గేటు దగ్గర, ఫోన్లలో, సభ అయ్యాక టీ తాగుతూ జనం మమ్మల్ని అడిగే ప్రశ్నలు కొన్నిటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఈ చర్చలు నడిపే ముగ్గురు లెక్చరర్లలో నేనొకణ్ణి. కొన్నిటికి ఒక్క వాక్యం సరిపోతుంది. కొన్నిటి దగ్గర కాస్త ఆగక తప్పదు.

ఇది ప్రవచనం లాంటిదా, వ్యక్తిత్వ వికాసం క్లాసా?

రెండూ కాదు. ప్రవచనంలో చెప్పేవారికి జవాబు తెలుసు, వినేవారు దాన్ని ఇంటికి తీసుకెళతారు. మా దగ్గర వక్తకు కూడా జవాబు పూర్తిగా తెలియదు. తెలియని చోటు ఏదో చెప్పడానికే వారిని పిలుస్తాం. అందుకే పేరున్న వక్తల కంటే ఆ ఇబ్బందిలో పడి లేచినవాళ్లను వెతుకుతాం: ఐసీయూలో పనిచేసిన నర్సు, రైతులకు అప్పులిచ్చిన బ్యాంకు మేనేజరు, కుటుంబ తగాదాలు వాదించే వకీలు, సర్పంచిగా చేసి దిగిపోయినాయన. వక్తకు అరగంట, మిగతా గంటన్నర హాలుది. అరగంట దాటితే చీటీ పంపుతాం, ఎంత పెద్దవారైనా సరే.

ఇంజినీరింగ్ కాలేజీల్లో మానవ విలువలు, వృత్తి నీతి అని ఒక పేపరే ఉంది కదా అంటారు. ఉంది, ఉండాలి కూడా. అయితే పేపరుకు మార్కులుంటాయి. మార్కులున్నచోట పిల్లలు మంచి జవాబు రాస్తారు, తాము నిజంగా ఏం చేసేవాళ్లో రాయరు.

ఎప్పుడు మొదలవుతుంది?

సాయంత్రం 5 గంటలకు. 7 గంటలకు ముగించాలనుకుంటాం, ఏడున్నర అవుతుంది. రెండో శనివారం బ్యాంకులకూ చాలా ఆఫీసులకూ సెలవు కాబట్టి ఆ రోజు పెట్టుకున్నాం. మే నెలలో ఎండలకు భయపడి 6 గంటలకు మొదలుపెడతాం. జనవరిలో పుస్తక మహోత్సవం, వెంటనే సంక్రాంతి, అందుకని ఆ నెల ఉండదు.

కాలేజీకి సంబంధం లేనివాళ్లు రావచ్చా? టికెట్టుందా?

రావచ్చు. టికెట్టు లేదు. గేటు దగ్గర రిజిస్టరులో పేరు రాస్తే చాలు, కార్డు అడగరు.

చర్చ ఇంగ్లిషులో ఉంటుందా?

తెలుగులోనే. వక్త ఇంగ్లిషులో సిద్ధమై వచ్చినా మేం పక్కనుండి తెలుగులోకి తెచ్చుకుంటాం. ఒకసారి ఒక డాక్టరుగారు 'అటానమీ, అటానమీ' అంటుంటే వెనక వరుసలోంచి ఒక ఫస్టియర్ అమ్మాయి 'నా సంగతి నేనే తేల్చుకోవడమా సార్?' అని అడిగింది. ఆ మాటే బోర్డు మీద రాశాం. ఇప్పటికీ అదే రాస్తున్నాం.

ఈ విషయం మాట్లాడుకోవడానికి మనకు మాటల కొరత లేదు. ధర్మసందేహం, మనస్సాక్షి, ఉసురు తగలడం, కడుపు కొట్టడం. ఇవన్నీ మన ఇళ్లలో రోజూ వినపడేవే. ఈ ఊరి రేడియోలో ఉషశ్రీగారు ధర్మసందేహాలు తీరుస్తుంటే పనులాపుకొని విన్న తరం ఇప్పటికీ మా ముందు వరుసలో కూర్చుంటుంది. వీటన్నిటిలో నాకు విలువైనదిగా తోచేది 'మొహమాటం'. మనలో చాలామంది చెడు తలపెట్టి తప్పు చేయరు, కాదనలేక చేస్తారు. తోడల్లుడి అప్పుకు హామీ సంతకం పెట్టేది అందుకే. తోటి ఉద్యోగి బిల్లు తప్పని తెలిసీ పాస్ చేసేది అందుకే. హామీ సంతకాల మీద ఒక శనివారం పెట్టాం. హాల్లో సగం మంది దగ్గర ఒక కథ ఉంది.

ఎలాంటి విషయాలు పెడతారు? ఒక ఉదాహరణ చెప్పండి.

ఎక్కువ మంది ఇప్పటికీ గుర్తుచేసేది బుడమేరు చర్చ. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు సింగ్‌నగర్‌నూ చుట్టుపక్కల కాలనీలనూ ముంచేశాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 1957లో బ్యారేజీ వచ్చాక అంత నీరు ఎన్నడూ చూడలేదు. రోజుల తరబడి జనం మేడల మీద ఉండిపోయారు. పడవల్లోనూ డ్రోన్లతోనూ తిండి పంపారు. పడవ ఒక్కటే ఉండి పిలిచే ఇళ్లు పదుంటే ముందు ఎటు వెళ్లాలి అన్నది ఆనాటి ప్రశ్న.

గర్భిణులు, ముసలివాళ్లు, పసిపిల్లలున్న ఇళ్లు ముందు అని అందరూ తేలిగ్గానే ఒప్పుకున్నారు. అప్పుడు సెకండియర్ బీకాం కుర్రాడొకడు లేచాడు. ఆ వారం వాడు పడవలో పాలప్యాకెట్లు పంచాడు. 'పైనుంచి తాడు కట్టిన బకెట్లు దిగేవి సార్. వేస్తే పైకి లాక్కునేవారు. వీధి చివరికొచ్చేసరికి పదకొండు ప్యాకెట్లు మిగిలాయి. అక్కడ నాలుగు అపార్టుమెంట్లు, నాలుగు బకెట్లు దిగాయి. ఒకదాంట్లో మా పిన్నివాళ్లుంటారు. ఒరేయ్ చిన్నా అని పిలిచింది. ముందు ఆ బకెట్లోనే వేశాను. అది తప్పా?'

నలభై నిమిషాలు దాని మీదే నడిచింది. సేవకని వెళ్లినవాడికి పిన్ని, పక్కింటావిడ ఒకటే కావాలని కొందరు. అలా చూడగలిగినవాడు మనిషే కాదని కొందరు. అప్పటిదాకా మాట్లాడని ఒక పెద్దావిడ అన్నారు: 'పిన్ని పిలిస్తే ముందు ఆవిడకే ఇస్తావు నాయనా, అందులో తప్పేముంది. ఎన్ని వేశావో అది చెప్పు.'

'మూడు.'

'వాళ్లింట్లో ఎంతమంది?'

'ఇద్దరు.'

ఆవిడ ఇంకేమీ అనలేదు. మేమూ అనలేదు. ముందు ఎవరికి అన్నది వేరు, ఎంత అన్నది వేరు అని ఆవిడ రెండు ప్రశ్నలతో విడదీశారు. నేను పాఠంలో చెప్పి ఉంటే గంట పట్టేది. ఆ కుర్రాడు తర్వాతి నెలా వచ్చాడు, ఇప్పటికీ వస్తున్నాడు. కుర్చీలు వేసేది వాడే.

వైద్యం గురించి ఎక్కువగా పెడతారట, ఎందుకు?

జనం ఎక్కువగా అడిగేది అదే కాబట్టి. ఇటు విజయవాడ, అటు గుంటూరు, చుట్టూ నాలుగు జిల్లాల రోగులు వచ్చేది ఈ రెండు ఊళ్లకే. ప్రతి ఆస్పత్రి వరండాలో రోజూ వినపడే మాట ఒకటుంది: 'డాక్టరుగారూ, జబ్బు సంగతి నాన్నకు చెప్పకండి.'

దీని మీద రెండుసార్లు చర్చ పెట్టాం, మళ్లీ పెడతాం. రెండు పాత కథలతో మొదలుపెట్టాం. మహాభారతం కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడనే తపస్వి సంగతి చెబుతాడు. ఎప్పుడూ నిజమే చెబుతానని వ్రతం పట్టిన కౌశికుణ్ణి దొంగలొచ్చి, పారిపోయినవాళ్లు ఎటు వెళ్లారని అడుగుతారు. ఆయన చూపిస్తాడు. దొంగలు వాళ్లను చంపుతారు. కౌశికుడు నరకానికి పోతాడు. జర్మన్ తత్వవేత్త కాంట్ 1797లో దీనికి నేరుగా ఎదురు నిలిచే మాట రాశాడు: హంతకుడు వచ్చి నీ మిత్రుడు ఇంట్లో ఉన్నాడా అని అడిగినా అబద్ధమాడే హక్కు నీకు లేదని. పిల్లలు సహజంగా కృష్ణుడి వైపే ఉన్నారు. అందుకని నాన్నకు అబద్ధం చెప్పడం ధర్మమే అని ముగించబోయారు.

అక్కడ ఒక రిటైర్డ్ నర్సుగారు ఆపారు. ఆ రెండు కథల్లోనూ అడిగేవాడికి ఆ నిజం మీద హక్కు లేదు, దొంగకూ లేదు, హంతకుడికీ లేదు. కానీ ఇక్కడ జబ్బు నాన్నదే, నిజం ఆయనదే. ఆయన సొమ్ము ఆయనకివ్వకుండా మనం దాచి, అది ప్రేమ అంటున్నాం అన్నారావిడ. నేను ఇరవై ఏళ్లుగా తత్వశాస్త్రం చెబుతున్నాను. ఆ తేడా నాకు తట్టలేదు.

మా ఇంట్లోనూ అలాగే చేశాం. అన్నయ్యా నేనూ కలిసి డాక్టరుగారిని బతిమాలి నాన్నగారికి అల్సరని చెప్పించాం. చివరి నెలలో ఒక పొద్దున ఆయన అమ్మను పిలిచి బ్యాంకు పాసుబుక్కు, బీరువా తాళాలు చేతిలో పెట్టి, గ్యాసు బుక్ చేయడం ఎలాగో నేర్పించారు. ఆయనకు తెలుసు. మాకు బాధ కలగకూడదని తెలియనట్టున్నారు. రెండు నెలలు ఒకే ఇంట్లో అందరం అబద్ధంలో ఉన్నాం, ఆయనతో చెప్పుకోవాల్సినవేవీ చెప్పుకోలేదు. అందుకే ఈ ప్రశ్న వచ్చినప్పుడు నేను చర్చ నడపను, తోటి లెక్చరరుకు ఇచ్చి కూర్చుంటాను.

చట్టం సంగతి కూడా అడుగుతారు. కోలుకునే ఆశ లేని స్థితిలో తనకు ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది. మొదట ఆ కాగితం మీద మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. 2023లో నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు సంతకం చేస్తే చాలని సులువు చేశారు. మా హాల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు నలుగురున్నారు, వాళ్లలో ఇద్దరు వకీళ్లు.

పెద్ద పెద్ద కేసులు మాట్లాడతారా, ఇంటి సంగతులేనా?

రెండూ. ఇంటి సంగతి ద్వారా వెళితే పెద్ద కేసు బాగా అర్థమవుతుంది. సంతకం గురించిన చర్చలో 2009 నాటి ఖమ్మం సంగతి పెట్టాం. అప్పట్లో ఆ జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఒక ప్రాజెక్టు కింద టీకా వేశారు. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. టీకా వల్లే అని విచారణ సంఘం చెప్పలేదు. కానీ తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన చాలా కాగితాల మీద వార్డెన్ల, హెడ్‌మాస్టర్ల సంతకాలున్నాయి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

టీకా మంచిదే. ప్రపంచమంతా వేస్తున్నారు. మంచి మందునే అడక్కుండా ఇస్తే అందులో తప్పేమిటన్నది ప్రశ్న. వేరే జిల్లాలో వార్డెనుగా చేసిన ఒకావిడ, 'పిల్లకు జ్వరమొస్తే ఆస్పత్రి కాగితం మీద సంతకం నేనే పెట్టేదాన్ని, ఇదీ అలాంటిదే అనుకొని పెట్టేసేదాన్నేమో' అన్నారు. ఆవిడను ఎవరూ తప్పుపట్టలేదు. ఆ అమ్మల్ని అడగడానికి కొండ ఎక్కాల్సి వస్తుందని అడగలేదా, అడిగితే వద్దంటారని అడగలేదా అని మా విద్యార్థి ఒకడు అడిగాడు. ఆ రెంటికీ చాలా తేడా ఉంది. నాకైతే రెండోదే ఎక్కువ కోపం తెప్పిస్తుంది.

దేవుణ్ణి నమ్మేవాళ్లు రావచ్చా? నమ్మనివాళ్లు?

ఇది విజయవాడ. ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ, గుణదల కొండ మీద మేరీమాత ఉన్న ఊరు. గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం 1947లో వచ్చి స్థిరపడింది కూడా ఈ ఊరికే. గోరా సేవాగ్రామం వెళ్లి గాంధీతో దేవుడి విషయమే చర్చించారు. ఇద్దరూ మనసు మార్చుకోలేదు, స్నేహమూ చెడలేదు. గోరా పెద్దమ్మాయి పెళ్లి, గాంధీ పోయిన కొన్ని వారాలకు, 1948లో, సేవాగ్రామంలోనే జరిగింది.

మా హాల్లో అలాంటివాళ్లు పక్కపక్కన కూర్చుంటారు. 'శాస్త్రంలో ఉంది కాబట్టి' అని ఆపేయకూడదు, 'అదంతా మూఢనమ్మకం' అని కొట్టిపారేయకూడదు. ఎందుకో చెప్పాలి. అంతవరకే నియమం.

రాజకీయాలు మాట్లాడతారా?

పార్టీల పేర్లు రావు. మిగతావన్నీ వస్తాయి. ఎన్నికల ముందు 'ఓటుకు డబ్బు తీసుకొని మనకు నచ్చినవాళ్లకే వేస్తే తప్పేంటి' అన్నది పెట్టాం. ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ చట్టం ప్రకారం నేరమేనని వకీలుగారు మొదటే చెప్పేశారు. ఇళ్లలో పనిచేసుకునే ఒకావిడ లేచి, 'ఇద్దరి దగ్గరా తీసుకున్నానండీ, పిల్ల ఫీజు కట్టాను, ఐదేళ్లలో వాళ్ల నుంచి నా చేతికి అందింది అదొక్కటే' అన్నారు. నీతి చెప్పడానికి సిద్ధమై వచ్చినవాళ్లు చాలామంది ఆ మాటతో ఆగిపోయారు. అపార్టుమెంటు ప్లాను అక్రమంగా పెంచి, లంచమిచ్చి రెగ్యులరైజు చేయించుకున్నవాళ్లు ఆవిడను ఎలా తప్పుపడతారని ఆ తర్వాత చర్చ మళ్లింది. ఆవిడది తప్పే అని నా అభిప్రాయం. అయినా ఆ రోజు ముందు మాట్లాడాల్సింది ఆవిడ తప్పు గురించి కాదు.

వక్తకు శాలువా, బొకే, మెమెంటో ఎందుకు ఇవ్వరు?

మొదటి రెండు నెలలు ఇచ్చాం. జ్యోతి ప్రజ్వలన, అతిథుల పరిచయం, ప్రిన్సిపాల్‌గారి మాట, శాలువా, ఫోటో అయ్యేసరికి గడియారం ముప్పావు గంట తినేసింది. వేదిక మీద పూలదండతో కూర్చున్న మనిషిని కిందున్న విద్యార్థి 'మీరు చెప్పింది నాకు సరిగ్గా అనిపించలేదు' అని అడగలేడు. ఇప్పుడు వేదిక లేదు. కుర్చీలు గుండ్రంగా వేస్తాం, వక్తకు కూడా అదే ప్లాస్టిక్ కుర్చీ. టీ, రెండు బిస్కెట్లు అందరికీ.

విద్యార్థులకు అటెండెన్సు, సర్టిఫికెట్టు ఇస్తారా?

ఇవ్వం. ఇస్తే హాలు నిండుతుంది, చర్చ పోతుంది.

ఏఐతో అసైన్‌మెంటు రాయిస్తే తప్పా అన్న చర్చ ఎప్పుడు?

ఆగస్టులో జరిగింది, విద్యార్థులు మళ్లీ అడుగుతున్నారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిసుల్లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. కానీ ఏఐ రాసింది ఎవరి రాతతోనూ పోలకపోవచ్చు. అప్పుడు ఆ లెక్క పనిచేయదు. ఒకమ్మాయి, 'మీరు ఇచ్చే ప్రశ్న పదేళ్లుగా అదే, మేం రాసేది మీరు చదవరు, టిక్కు పెడతారు. మేం మాత్రం సొంతంగా రాయాలా?' అని మమ్మల్నే నిలదీసింది. ఆ నెల నుంచి నేనిచ్చే అసైన్‌మెంట్లు తగ్గించాను, ఇచ్చినవి పూర్తిగా చదువుతున్నాను. ఏఐతో రాయించుకోవడం తప్పేనని ఇప్పటికీ అంటున్నాను.

నా సొంత సంగతి చెబితే బయటికి పోదా?

వక్త మాట్లాడిన అరగంటే రికార్డు చేస్తాం. చర్చ మొదలవగానే ఫోన్లు జేబులో పెట్టమంటాం. పేర్లు చెప్పక్కర్లేదు. ఇక్కడ నేను రాసిన మాటలు కూడా ఆయా మనుషులను అడిగి, వాళ్లు ఒప్పుకున్నాకే రాశాను. ఇంకో రెండు మంచి సంగతులున్నాయి, వాళ్లు వద్దన్నారు.

ర్యాగింగు లాంటివి ఎవరైనా చెబితే మాత్రం మేం ఊరుకోలేం. 1997 నుంచి మన రాష్ట్రంలో దానికి చట్టముంది, కాలేజీ చర్య తీసుకోవాల్సిందే. ఆ సంగతి ప్రతి సభ మొదట్లోనే చెబుతాం, తెలియక చెప్పి ఇరుక్కోకూడదని.

గొడవలవుతాయా?

గొంతులు పెరుగుతాయి. ఒకసారి పరువు పేరుతో పిల్లల ప్రేమపెళ్లిళ్లు ఆపడం మీద చర్చలో ఒక తండ్రి లేచి వెళ్లిపోయారు. మేం వెనకే వెళ్లి పిలవలేదు. పిలిచి ఉండాల్సింది. ఇప్పుడు ముగ్గురిలో ఒకరం తలుపు దగ్గరే కూర్చుంటాం, ఎవరైనా అలా లేస్తే బయట కాసేపు తోడుగా నిలబడటానికి.

చివరికి ఏది తప్పో ఏది ఒప్పో తేలుస్తారా? ఓటింగ్ పెడతారా?

ఓటింగ్ పెట్టం. చివరి పది నిమిషాల్లో, మొదట్లో ఒకటనుకొని ఇప్పుడు వేరేలా అనుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పమంటాం. ఒకరో ఇద్దరో చెబుతారు. కొన్ని నెలలు ఎవరూ చెప్పరు. అన్నీ సమానమే, ఎవరి నీతి వాళ్లది అని మాత్రం మేం అనం. పిన్నికి మూడు ప్యాకెట్లు వేయడం తప్పు, ఆ కుర్రాడే ఒప్పుకున్నాడు.

నాకు నలుగురిలో మాట్లాడటం రాదు. వింటే చాలా?

చాలు. చీటీ మీద రాసిచ్చినా చదువుతాం. చాలా మంచి ప్రశ్నలు చీటీల మీదే వచ్చాయి.

మా ఊళ్లో, మా కాలేజీలో ఇలాంటిది పెట్టుకోవాలంటే?

తెనాలి నుంచి, నూజివీడు నుంచి ఇది అడిగారు. ఒక హాలు, బోర్డు, మంచినీళ్లు, టీ చాలు. మా ఖర్చు నెలకు టీ డబ్బులే, వంతులవారీగా పెట్టుకుంటాం. ప్రిన్సిపాల్‌గారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. మొదటి చర్చకు పెద్ద విషయం పెట్టకండి, హామీ సంతకం లాంటిది పెట్టండి. పదిహేనుమంది వస్తే బాగా వచ్చినట్టే. మాకు మొదటి నెల తొమ్మిదిమందే, అందులో ముగ్గురం మేమే.

చిన్నపిల్లల్ని తీసుకురావచ్చా?

తీసుకురండి. పక్క గదిలో రంగు పెన్సిళ్లు, కాగితాలు పెడతాం, ఇద్దరు విద్యార్థులు చూసుకుంటారు. మరణం, హింస మాట్లాడే నెలల్లో ఆ సంగతి నోటీసు బోర్డు మీద ముందే రాస్తాం.